ముప్పై గజాలు జరిగిన ఊరు

ఈమధ్య సర్వే ఉద్యోగంలో కొత్తగా చేరిన ఇద్దరు కుర్రాళ్లు సూర్యాపేటలో మా ఇంటికి వచ్చారు. ఇల్లు దొరకడానికి గంట పట్టిందట. ఇద్దరు సర్వేయర్లు కలిసి వెతికితే గంటే పట్టడం మెచ్చుకోవలసిన విషయమే. ‘‘మీ సర్వీసు గురించి నాలుగు ముక్కలు చెప్పండి సార్’’ అన్నారు. ఏం తెలుసుకోవాలని ఉంది అంటే ప్రమోషన్లు ఎట్లా వస్తాయని అడిగారు. ఆలస్యంగా వస్తాయని చెప్పాను. దాంతో ఆ సంగతి ముగిసింది. చాయ్ తాగి వెళ్లిపోయారు.

వాళ్లు వెళ్లాక, అసలు చెప్పవలసింది చెప్పలేదే అని మనసు పీకింది. నేను చేసిన పెద్ద తప్పు గురించి చెప్పి ఉండాల్సింది. ఒక ఊరికి ఊరినే ముప్పై గజాలు జరిపిన మనిషిని నేను. ఆ కథ రాస్తున్నాను.

పటాన్ని ఎటువైపు నుంచి పట్టుకోవాలి

రాష్ట్రాలు కలిసిన మరుసటి ఏడు, యాభై ఏడులో, నేను ఉద్యోగంలో చేరాను. నాకున్న గొప్ప అర్హత ఏమిటంటే ఏడో తరగతి దాకా ఉర్దూలో చదవడం. చదివేటప్పుడు దానివల్ల దెబ్బలు తప్ప ఏమీ దొరకలేదు. ఉద్యోగంలో మాత్రం అదే నన్ను నిలబెట్టింది. ఎందుకంటే మిర్యాలగూడలో మా ఆఫీసు బీరువాల నిండా పాత నక్షలే. ఊరి పటాన్ని అప్పుడు అందరూ నక్ష అనేవాళ్లు. గుడ్డ మీద అతికించిన దళసరి కాయితం, నల్ల సిరా గీతలు, సన్నటి ఉర్దూ రాతలు. వాటిని చదవగలిగిన పాతవాళ్లు ఒక్కొక్కరే రిటైరయ్యారు. వచ్చిన కొత్తవాళ్లకు ఆ లిపి చీమలబారు లాగా కనబడేది.

మా పై అధికారి శర్మగారు కోస్తా జిల్లా నుంచి వచ్చారు. నిఖార్సయిన మనిషి. తెల్లటి చొక్కా, గుండ్రటి కళ్లద్దాలు. ఆయనకు ఉర్దూ ఒక్క ముక్క రాదు. రాదని ఒప్పుకోవడం అంతకన్నా రాదు. నక్ష బల్ల మీద పరిచి, చాలాసేపు గంభీరంగా చూసి, ‘‘ఊఁ, స్పష్టంగానే ఉంది’’ అనేవారు. రెండు సార్లలో ఒకసారి అది తలకిందులుగా ఉండేది.

నేను జేబురుమాలు తీసి, ‘‘దుమ్ము పట్టింది సార్’’ అని నక్ష ఎత్తి, దులిపి, సరిగ్గా తిప్పి పెట్టేవాణ్ణి. ఆయన మళ్లీ చూసి, ‘‘ఇప్పుడు ఇంకా స్పష్టంగా ఉంది’’ అనేవారు. అట్లా మూడేళ్లు ఆ నక్షలను దులిపాను. మా ఆఫీసులో అంత శుభ్రమైన వస్తువులు ఇంకేవీ లేవు.

చేరిన కొత్తలోనే ఒక పాఠం దొరికింది. మేళ్లచెరువు వైపు ఒక ఊరి పటంలో ఊరి మధ్య బావి ఉందని రాసి ఉంది. ఆ బావి కోసం రెండు రోజులు తిరిగాను. ఎవరిని అడిగినా ‘‘గీడ బావి యాడిది సారూ’’ అన్నారు. పూడ్చిపెట్టి అబద్ధం చెబుతున్నారని నాకు అనుమానం. ఆఫీసుకు వచ్చి అసలు నక్ష తీసి చూస్తే ఆ చోట ఎర్రటి చుక్క ఉంది. వాసన చూశాను. పాన్ మరక. ఎవరో నకలు తీసేటప్పుడు ఆ మరకను కూడా శ్రద్ధగా ఎక్కించి, పక్కన బావి అని రాశారు. అప్పటినుంచి నకలును నమ్మకుండా అసలు నక్షే చూడడం మొదలుపెట్టాను. దాంతో నాకు అన్నీ తెలిసిపోయాయని అనుకున్నాను. ఆ అనుకోవడమే నన్ను ముంచింది.

చింతగూడెం

ఊరి పేరు మార్చి రాస్తున్నాను. కోదాడ నుంచి చిలుకూరు వైపు వెళ్లే దారిలో ఉంటుంది. చింతగూడెం అనుకోండి.

సాగర్ ఎడమ కాలువ పనులు నడుస్తున్న రోజులవి. కాలువ నీళ్లు వస్తే పల్లపు జాగాలు చెమ్మెక్కుతాయి కాబట్టి, అక్కడ ఉన్నవాళ్లకు మెరకలో ఇళ్ల స్థలాలు చూపాలి. ఎవరికి ఎక్కడ చూపాలో తేల్చడానికి పాత నక్షలనూ ఇప్పటి కొలతలనూ పక్కపక్కన పెట్టి, ఊరు ఎట్లా మారుతూ వచ్చిందో ఒక నోట్ రాయమన్నారు. ఎక్కడివాళ్లు ఎక్కడికి పోయారు, ఏ వాడ పెరిగింది, ఏది పాడుపడింది అన్నీ రాయాలి. శర్మగారికి ఆ పని చాలా నచ్చింది. ‘‘ఇది ఉత్త కొలతల పని కాదయ్యా, చరిత్ర!’’ అన్నారు.

చింతగూడెంలో తగువు ఉంది. ఊరి కింద వాగు ఒడ్డున ఏడు కుమ్మరి ఇళ్లు ఉండేవి. కాలువ వస్తే మొదట తడిసేవి అవే. ఊళ్లో తమకు మెరక జాగా ఇవ్వాలని వాళ్లు అర్జీ పెట్టుకున్నారు. ఊరి పడమటి చివర ఖాళీ జాగా ఉంది కూడా. కానీ అందులో నర్సయ్య సేటు వడ్లు ఆరబోస్తాడు. వాళ్ల తాతల కాలం నుంచి ఆ ఊళ్లో ధాన్యం వ్యాపారం. ఆయన మాట సూటిగానే ఉంది.

‘‘అది నా పట్టా చెల్కకు ఆనుకొని ఉన్న జాగ సారూ. కుమ్మరోళ్లు ఎన్నడు ఊర్ల లేరు. యాడ్నుంచో వచ్చి వాగొడ్డుకు గుడిసెలేసుకున్నరు. ఊరి జాగల వాళ్లకు హక్కెట్ల ఉంటది?’’

నా దగ్గర రెండు పాత నక్షలు ఉన్నాయి. మొదటిదానిలో ఊరి నివాస స్థలం చుట్టూ గీత గీసి ‘ఆబాదీ’ అని రాసి ఉంది. రెండోది దాని మీదే తర్వాతి కాలంలో మార్పులు చేర్చి రాసింది. అందులో ఆబాదీ పడమటి కొసన ఒక ముక్కకు అడ్డగీతలు కొట్టి ‘వీరాన్’ అని రాశారు. అంటే జనం వదిలేసి పోయిన చోటు. ఆ వీరాన్ నేల మీద ఎక్కడ పడుతుందో తేలిస్తే సగం తగువు తీరినట్టే.

ఒక్క రాయి

పటాన్ని నేల మీద పరచాలంటే రెండింటిలోనూ ఉన్న గుర్తులు కావాలి. నక్షలో ఆబాదీ మూలన ఒక హద్దురాయి చూపించారు, తల మీద చెక్కిన గుర్తుతో. ఊరికి ఉత్తరాన దూరంగా ఒక బండ చూపించారు. బడి వెనకాల ఇంకో రాయి చూపించారు గానీ అది ఎప్పుడో ఎవరి గోడలోనో కలిసిపోయింది. కనీసం మూడు గుర్తులు సరిచూసుకోకుండా కొలత గొలుసు పరచకూడదని మాకు నేర్పారు. నేనే ఇంకొకరికి నేర్పాను కూడా.

అది ఎండాకాలం. బండ దగ్గరికి పోవాలంటే చెట్టన్నది లేని చెల్కల, అంటే మెట్ట చేల మీదుగా నడవాలి. నా వెంట చైన్‌మన్ ముత్తయ్య ఉన్నాడు. నాకన్నా ఇరవై ఏళ్లు పెద్దవాడు. గొలుసు మోసి మోసి ఒక భుజం కిందికి దిగి ఉండేది. ఊరి వెనకాల ఎండిపోయిన వాగు పాయ ఒడ్డున, ముళ్లకంప కింద, సగం మట్టిలో దిగబడి మా రాయి దొరికింది. తల మీద గుర్తు చెక్కుచెదరలేదు. నాకు పట్టరాని సంతోషం.

ముత్తయ్య వంగి చూశాడు. చేత్తో తడిమాడు. చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

‘‘సారూ, గీ రాయి సబ్బు వాసనొస్తున్నది.’’

‘‘రాయికి సబ్బు వాసనేమిటి ముత్తయ్యా?’’

‘‘ఏమో సారూ. ఎందుకైనా మంచిది, ఊర్ల ఎవ్వరినన్న అడుగుదమా? లేకుంటే జర బండకాడికి పోయొద్దాం.’’

‘‘గుర్తు కనబడుతోంది కదా. ఇంక అడిగేదేముంది?’’

ముత్తయ్య గొలుసు పరిచాడు. ఒక్క రాయి, ఒక దిక్సూచి, ఒక తొందరపాటు. ఆ మూడింటితో నేను చింతగూడెం పటం గీశాను.

ఊరు నడిచింది

గీసి చూసుకున్నాను. ఏ ఇల్లూ దాని జాగాలో లేదు. పటం ప్రకారం ప్రతి ఇంటి స్థలమూ ముప్పై గజాలు తూర్పున ఉంది. అంటే ప్రతివాడూ పడమటి పక్కింటివాడి జాగాలో కాపురం చేస్తున్నాడు! వరుసలో మొదటిది పటేలు ఇల్లు. అది వీరాన్‌లో పడింది. పటేలుకు ఉండవలసిన జాగాలో నర్సయ్య సేటు ఇల్లుంది. సేటు జాగాలో ఆ పక్కవాడు. అట్లా పోయి పోయి, తూర్పు చివరనున్న బడిపంతులు స్థలం కోదాడ పోయే బండ్ల బాట నడిమధ్య తేలింది.

ఎవరైనా బుద్ధిమంతుడైతే ఊరంతా తప్పా, నేనొక్కణ్ణి తప్పా అని ఒక్క క్షణం ఆలోచిస్తాడు. నాకు పాతికేళ్లు కూడా నిండలేదు. ఊరంతా తప్పని తేల్చుకుని శర్మగారికి చూపించాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. ‘‘చూశావటయ్యా! జనం ఇల్లు కూలి మళ్లీ కట్టుకున్నప్పుడల్లా కొంచెం కొంచెం జరుగుతూ వచ్చారన్నమాట. అంతా వాస్తు మహిమ!’’ అని ఆ సాయంత్రమే కూర్చుని నాలుగు పేజీలు రాసి పైకి పంపారు. ఊరు పడమటికి జరిగితే అందులో వాస్తు ఏమిటో నాకు అర్థం కాలేదు. నక్ష అప్పుడు ఎటు తిరిగి ఉందో నేను చూసుకోలేదు.

ఈలోగా ఊళ్లో సంగతి పొక్కింది. వారం తర్వాత నేను వెళ్లేసరికి చింతగూడెం చింతగూడెంలా లేదు. పటేలు ఎదురొచ్చి మీసం మీద చెయ్యి వేశాడు.

‘‘ఏందయ్యా, నా ఇల్లు వీరాన్ల పడ్డదంట? నేను బతికున్ననా లేనా? నా పెండ్లాం పిల్లలు మనుషులా దయ్యాలా?’’

‘‘కాయితం మీద మాత్రమే అండీ’’ అన్నాను.

‘‘కాయితం మీద సస్తె నేల మీద ఎన్నాళ్లుంట? మరి నా అసలు జాగ యాడున్నది?’’

సేటు ఇల్లు చూపించక తప్పలేదు. పటేలు అటు చూసి, మీసం వదిలేసి, తృప్తిగా తల ఆడించాడు. మర్నాటికల్లా తన ఎద్దును తీసుకుపోయి సేటు ముంగిట్లో కట్టేశాడు. అడిగితే ‘‘నా జాగల నా ఎద్దు’’ అన్నాడట. సేటు పోయి తన గొడుగు పక్కింటి అరుగు మీద పెట్టి వచ్చాడు, హక్కు నిలుపుకోవడానికి. బడిపంతులు మాత్రం బాట నడుమ పోయి నిలబడి, వచ్చే బండ్లను ఆపి, ‘‘నా స్థలంలోంచి పోతున్నారు, గమనించండి’’ అని మర్యాదగా చెప్పి పంపుతున్నాడు.

నర్సయ్య సేటు పరిస్థితి అందరికన్నా వింతగా ఉంది. నా పటం ప్రకారం ఆబాదీ హద్దు కూడా తూర్పుకు జరిగింది కదా. దాంతో ఆయన వడ్లు ఆరబోసే జాగా ఊరి స్థలం బయట పడి, ఆయన చెల్కలో కలిసిపోయింది. కుమ్మరివాళ్ల అర్జీ వీగిపోయినట్టే. అది ఆయనకు పండగ. కానీ అదే పటం వల్ల ఆయన పూజగది పటేలుది అయింది. ఆయన నన్ను పక్కకు తీసుకుపోయి గొంతు తగ్గించాడు.

‘‘సారూ, మీ పటం శానా బాగున్నది. పడమటి దిక్కు ఒక్క గీత గూడ ముట్టకున్రి. కాకపోతే తూర్పు దిక్కు జర మార్చరాదా? సగం ఉంచి సగం మార్చుడు మీ చట్టంల ఉంటదా?’’

ఉండదన్నాను. ఆయన నిట్టూర్చి, ముంగిట్లో నెమరు వేస్తున్న ఎద్దును చూస్తూ నిలబడ్డాడు.

నవ్వుకుంటూ చెబుతున్నాను గానీ, ఆ రోజు నాకు నవ్వు రాలేదు. కుమ్మరివాడ నుంచి ఇద్దరు మగవాళ్లు వచ్చి దూరంగా నిలబడి ఉన్నారు. వాళ్లు అరవలేదు, కొట్లాడలేదు. ‘‘ఇగ మాకు జాగ రానట్టేనా సారూ?’’ అని ఒక్క మాట అడిగారు. పటం ప్రకారం రాదని చెప్పాను. వాళ్లు తలలు ఊపి, తువ్వాళ్లు భుజాన వేసుకుని వాగు దిక్కు దిగి వెళ్లిపోయారు. పొరపాటు చేసిన నన్నే అంత సులువుగా నమ్మారు.

ఎల్లమ్మ ఉతుకుడు

తొలకరి పడింది. వాగు పాయలో నీళ్లు కదిలాయి. ఒక పొద్దున మళ్లీ ఒకసారి చూద్దామని నేనూ ముత్తయ్యా రాయి దగ్గరికి వెళ్లాం. దూరం నుంచే దభీ దభీమని చప్పుడు. రాయి గుర్తుకు నేను పాతిన జెండా ఒడ్డు మీద పడి ఉంది. ముళ్లకంప తీసేసి ఉంది. రాయి ముందు ఒక పెద్దావిడ మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడి బట్టలు బాదుతోంది.

‘‘అవ్వా! ఆపు! దాని మీద ఉతకొద్దు. అది సర్కారు రాయి!’’ అని పరుగెత్తాను.

ఆమె బట్ట ఎత్తిన చెయ్యి దించలేదు. ‘‘సర్కారుదా? మా అత్త సంది ఉతుకుతున్నం. సర్కారు బట్టలు ఎన్నడు కనబడలే.’’

ఆమె పేరు ఎల్లమ్మ. కుమ్మరివాడలో అందరికన్నా పెద్దది.

‘‘అప్పటినుంచీ ఈ రాయి ఇక్కడే ఉందా?’’ అన్నాను.

‘‘గీడ ఎందుకుంటది బిడ్డా? మా పాత ఇంటి మూలకుండె. నేను కొత్త కోడలిగ వచ్చిన యాడాది గత్తర రోగమొచ్చింది. దినానికొకరు పోయిన్రు. ఇగ గాడ ఉండొద్దని వాడంత ఖాళీ జేసి వాగొడ్డుకు దిగినం. కుండలు, సారె చక్రం, గంపలు అన్ని మోసుకొచ్చిన్రు. మా అత్త, నా రాయి నాకు గావాలె అన్నది. నున్నటి రాయి, ఎవ్వరు ఇడిసిపెడ్తరు? మా మామ, ఇంకో నలుగురు గీడిదాక దొర్లించుకొచ్చిన్రు. ఇగ నాతోని గాదని మా మామ గీడ్నే కూలబడ్డడు.’’

నేను వెనక్కి తిరిగి చూశాను. ముత్తయ్య ఆకాశం కేసి చూస్తున్నాడు. ఆ క్షణాన అతను సబ్బు మాట ఎత్తి ఉంటే నేను వాగులో దూకేవాణ్ణి. ఎత్తలేదు. ఆ రోజే కాదు, రిటైరయ్యేదాకా ఎత్తలేదు. అంతకన్నా పెద్దమనిషిని నా సర్వీసులో చూడలేదు.

‘‘అవ్వా, మీ పాత ఇల్లు ఎక్కడుండేదో చూపిస్తావా?’’

ఎల్లమ్మ బట్టలు పిండి, ఒడ్డున పెట్టి, మా ముందు నడిచింది. గట్టెక్కి, పటేలు కొట్టం వెనకనుంచి, నేరుగా నర్సయ్య సేటు ఖాళీ జాగాలోకి పోయింది. పడమటి మూలన నిలబడి కాలితో నేల తట్టింది.

‘‘గిదే. గీడ మా గడప. గాడ కుండలు కాల్చే ఆము. గా పక్కన మా మరిది ఇల్లు.’’

ముత్తయ్య తవ్వాడు. మూరెడు లోతున ఒకప్పటి రాయి చుట్టూ దిమ్మిస చేసిన గులకరాళ్లు, నడుమ రాయి ఉండి పోయిన గుంట కనబడ్డాయి. ఇంకాస్త పక్కన బూడిద, నల్లబడ్డ పెంకులు. అప్పుడు నేను ఎండను లెక్కచేయకుండా ఉత్తరాన బండ దాకా నడిచి, అక్కడినుంచి గొలుసు పరిపించుకుంటూ వచ్చాను. అడుగు అటూ ఇటూ లేకుండా గుంట దగ్గరికి వచ్చి ఆగింది.

ఊరు ఎక్కడికీ నడవలేదు. నడిచింది రాయి. వీరాన్ అని రాసింది ఈ ఖాళీ జాగానే. కుమ్మరివాళ్లు యాడ్నుంచో వచ్చినవాళ్లు కాదు, ఊళ్లోంచి వాగుకు దిగినవాళ్లు. నక్షలో ఆ ఒక్క మాట రాసినవాడికి అది ఖాళీ జాగా. ఎల్లమ్మకు మాత్రం దినానికొకరిని పోగొట్టుకున్న చోటు.

శర్మగారి నాలుగు పేజీలు

తప్పు తెలిసిన రోజే చెప్పెయ్యండి. మర్నాటికి అది రెండింతలు బరువెక్కుతుంది. నేను ఆ రోజే కోదాడ వచ్చి, మిర్యాలగూడ బస్సు పట్టుకుని, దారంతా మాటలు కూర్చుకుని, శర్మగారి ముందు నిలబడేసరికి అన్నీ మర్చిపోయాను.

‘‘సార్, ఊరు జరగలేదు సార్. రాయి జరిగింది.’’

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు.

‘‘నేను నాలుగు పేజీలు రాశానయ్యా’’ అన్నారు.

‘‘అవును సార్.’’

‘‘వాస్తు గురించి కూడా రాశాను.’’

‘‘అవును సార్.’’

నన్ను తిడతారనుకున్నాను. మెమో ఇస్తారనుకున్నాను. మర్నాడు ఆయన స్వయంగా బస్సెక్కి, తర్వాత ఎద్దుబండెక్కి, ఆ తెల్లచొక్కాతోనే చింతగూడెం వచ్చారు. ఊరివాళ్లందరినీ ఖాళీ జాగాలో కూర్చోబెట్టి, నిలబడి చెప్పారు.

‘‘చూడండి, పొరపాటు మా ఆఫీసుది. సంతకం నాది కనక పొరపాటూ నాదే. ఎవరి ఇల్లు వారి జాగాలోనే ఉంది. పటేలుగారూ, దయచేసి ఎద్దును విప్పుకోండి.’’

నా పేరు ఎక్కడా రానివ్వలేదు. ఉర్దూ రాకపోయినా, నక్ష తలకిందులుగా పట్టుకున్నా, ఆయన దగ్గర పనిచేశానని గర్వంగా చెప్పుకుంటాను. పటం చదవడం ఎవరైనా నేర్పుతారు. కింది మనిషి తప్పును తన మీద వేసుకునే పై అధికారి సర్వీసులో ఒక్కరు దొరికితే అదృష్టం.

సేటు అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. పూజగది దక్కింది సరే, జాగా పోతోంది కదా. ‘‘పెంకులు ఏ ఊర్లనన్న ఉంటయి. గవి కుమ్మరోళ్ల ఇండ్లయే అని ఏం గ్యారంటీ?’’ అన్నాడు.

ఎల్లమ్మ తవ్విన మట్టిలోంచి ఒక పెంకు ఏరి, కొంగుతో తుడిచి, అంచు చూపించింది. అంచు కింద రెండు గీతలు, నడుమ గోటినొక్కులు.

‘‘గిది మా మామ చెయ్యి. ఆయన ఏం జేసినా గిట్లనే రెండు గీతలు పెడ్తుండె.’’

‘‘నువ్వు చెప్తె ఐపోతదా?’’ అన్నాడు సేటు.

అప్పుడు జనం వెనకాల ముసుగు కప్పుకుని కూర్చున్న ఆయన తల్లి నోరు విప్పింది. ముసలితనంలోనూ ఆమె చెవులు బాగానే పనిచేస్తున్నాయి.

‘‘అరే నర్సిగా! మన ఇంట్ల చింతపండు పోసే పెద్దకాగు లేదుర? దాని మెడకు గవ్వే గీతలు గాదుర? నా పెండ్లికి ఎల్లమ్మ మామ కిష్టయ్య తెచ్చిచ్చిండు, గీ జాగల ఉన్న ఇంట్లకెంచే.’’

జనం గొల్లుమన్నారు. శర్మగారు కూడా నవ్వారు. నర్సయ్య సేటు తల్లి వైపూ, పెంకు వైపూ, శర్మగారి వైపూ చూశాడు. వ్యాపారం తెలిసిన మనిషి, ఎప్పుడు దిగిరావాలో తెలుసు.

‘‘సరే తియ్. మరి నా వడ్లు యాడ ఆరబోసుకోవాలె?’’

‘‘మా వాకిండ్లల్ల ఆరబోసుకో సేటూ, వద్దన్నమా?’’ అంది ఎల్లమ్మ. ‘‘కోళ్లను నువ్వే కొట్టుకోవాలె.’’

ఆఫీసు కాయితాలు నడిచే వేగం మీకు తెలుసు కాబట్టి ఆ భాగం వదిలేస్తున్నాను. కాలువలో నీళ్లు రాకముందే ఏడు ఇళ్లూ పైకి వచ్చాయన్నది అసలు ముఖ్యం. మరో రెండేళ్లకు వాగు ఒడ్డంతా తుంగ మొలిచి బురదయింది.

శర్మగారు ఆ ఊరి ప్రస్తావన మళ్లీ ఎత్తలేదు. కానీ ఒకరోజు తలుపు దగ్గరగా వేసి, ‘‘ఆ అలీఫ్, బే అంటారే, అవి ఎన్ని ఉంటాయయ్యా?’’ అని అడిగారు. యాభై దాటిన వయసులో పలక మీద ఉర్దూ అక్షరాలు మొదలుపెట్టారు. ఆరు నెలలకు మిర్యాలగూడ బజార్లో పాత బోర్డులన్నీ పైకి చదువుకుంటూ నడిచేవారు. బొగ్గుల దుకాణం బోర్డును కూడా ఒక శ్లోకం చదివినట్టు చదివేవారు.

మళ్లీ కొలిచినప్పుడు

డెబ్బైల్లో ఆ ఊరిని మళ్లీ కొలిచే పని నాకే పడింది. ఈసారి మూడు గుర్తులు కాదు, అయిదు సరిచూసుకున్నాను. ప్రతి ఇంటి దగ్గరా ఆగి, ఇంట్లో పెద్దావిడ ఎవరో కనుక్కుని, ఏది ఎప్పుడు కట్టారో అడిగి రాసుకున్నాను. మగవాళ్లను అడిగితే హద్దులు చెబుతారు. ఆడవాళ్లను అడిగితే ఏ గోడ ఏ కాన్పుకు ముందు లేచిందో చెబుతారు. నా నోట్‌కు రెండోదే పనికివచ్చింది.

కుమ్మరివాడలో గొలుసు పరుస్తుంటే ఎల్లమ్మ ఇంటి దగ్గర ఆగవలసి వచ్చింది. పెంకుటిల్లు, వాకిట్లో తిరగేసిన కుండలు, ముందు కొత్తగా కట్టిన మట్టి అరుగు. ఆ అరుగు బాటలోకి మూడు అడుగులు వచ్చేసింది. ఎల్లమ్మ దాని మీదే కూర్చుని నన్ను చూస్తోంది. చూపు తగ్గింది గానీ నోరు తగ్గలేదు.

నాకు పెద్ద ఇరకాటం వచ్చిపడింది. రాయకపోతే అబద్ధం. రాస్తే ఈమె మీద రాసినవాణ్ణవుతాను. చివరికి చెప్పేశాను.

‘‘అవ్వా, నీ అరుగు బాటలోకి వచ్చింది. మూడు అడుగులు. నేను ఉన్నది ఉన్నట్టు పటంలో చూపించాలి.’’

ఆమె ముఖం గంభీరమైంది. ‘‘పటంల గీస్తవా? నా అరుగును?’’

‘‘గీయాలి అవ్వా. తప్పదు.’’

‘‘ఆ పటం ఆఫీసుల పెడ్తరా?’’

‘‘పెడతారు.’’

‘‘మల్ల యాభై ఏండ్లకు ఎవడన్న ఇప్పి సూస్తడా?’’

‘‘చూస్తాడనుకుంటాను.’’

ఎల్లమ్మ అరుగు అంచును చేత్తో తడిమి చూసుకుంది. తర్వాత నా మీద విసుక్కుంది.

‘‘గీ ముచ్చట ముందుగాల చెప్పొద్దా బిడ్డా? ఇంకో రెండడుగులు ముందుకు కట్టుకుందును గదా!’’